అంచున నిలిచిన సాక్షి

బిలాస్‌పూర్‌లో మా ఇంటి ముందుగదిలో నలభై ఏళ్లకు పైబడి ఒక ఫొటో వేలాడుతున్నది. స్టేషన్ రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, గొడుగు పట్టుకొని నిలబడిన ఒక యువకుడి చిత్రం అది. గొడుగు నీడ ఆయన ముఖాన్ని సగం కప్పివేసింది. మిగిలిన సగాన్ని చెమ్మ తినివేసింది. ఆయన వెనుక, ఫొటో కుడి అంచున, ఒక కారు వెనుకభాగం మాత్రం కనిపిస్తుంది. ఏటా తాతగారి తద్దినం నాడు మా నాన్నగారు ఆ ఫొటోకు పూలదండ వేసి నమస్కరించేవారు. తాతగారు 1955లో పోయారు. అప్పటికి నాన్నగారికి మూడేళ్లు. తండ్రి ముఖం ఆయనకు గుర్తు లేదు. ఆ లోటు తీర్చింది ఆ ఫొటో ఒక్కటే.

ఆ నమ్మకాన్ని కదిలించింది మనిషి కాదు, కారు.

నేను అనువాదకురాలిని. చదివింది ఆంగ్ల సాహిత్యం. మోటారు బండ్ల గురించి నాకేమీ తెలియదు. కొన్నాళ్ల క్రితం పాత నగర వీధుల ఛాయాచిత్రాల సంపుటి ఒకటి అనువాదానికి వచ్చింది. ప్రతి ఫొటో కింద ఉన్న వ్యాఖ్యలో ఏదో ఒక కారు పేరు, దాని సంవత్సరం. పేరు తప్పు పడితే సంవత్సరం తప్పుతుంది. సంవత్సరం తప్పితే ఆ వీధి చరిత్రే తారుమారవుతుంది. కనుక ఒక భూతద్దం ముందు పెట్టుకొని, అక్షరాభ్యాసం చేసే పిల్లలా కార్లను చదవటం నేర్చుకొన్నాను.

ముందు పేరు వెదకరాదు

పాత ఫొటోలో కారును చూడగానే దాని పేరు ఊహించబోవటం కొత్తవారందరూ చేసే పొరపాటు. ముందు చూడవలసింది ఆకారం. కారు గుర్రపుబగ్గీలా నిటారుగా నిలబడి, దీపాలు రెండూ విడిగా కాడల మీద ఉండి, తలుపుల కింద కాలు మోపే పొడవాటి మెట్టు ఉంటే అది చాలావరకు 1930ల నడుమకు ముందుది. ఆ దశాబ్ది చివర ఒంపులు వచ్చాయి. 1940 ప్రాంతంలో దీపాలు మడ్‌గార్డులలోనికి ఒదిగిపోయాయి. 1950 దాటేసరికి మడ్‌గార్డులు విడిగా కనిపించటం మాని తలుపులతో కలిసిపోయాయి, పక్కభాగమంతా గోడలా చదునైంది. రెండు పలకలుగా ఉండిన ముందు అద్దం ఒకే పలక అయింది. ఈ కొద్దిపాటి పరిజ్ఞానంతోనే మీ ఇంట్లోని ఫొటోను ఏ పదేళ్లలో తీశారో మీరే చెప్పగలరు.

ఆ తరువాతనే చిన్న గుర్తులు. ఫోర్డ్ వారి 'మోడల్ టి' రేడియేటరు చుట్టూ ఇత్తడి తళతళలాడుతుంటే అది 1916 లేదా అంతకు ముందరి బండి. నల్లగా ఉంటే ఆ తరువాతది. బానెట్ పక్కన వరుసగా గుండ్రటి రంధ్రాలుంటే బ్యూక్. ఆ అలంకారం మొదలైంది 1949లో. ముక్కు తుపాకిగుండులా పొడుచుకొని వస్తే అది 1950, 51 సంవత్సరాల స్టుడీబేకర్. జర్మనీవారి ఫోక్స్‌వాగన్ వెనుక అద్దం రెండు ముక్కలుగా ఉంటే 1953కు ముందుది. ఒకే ముక్కగా కోడిగుడ్డు ఆకారంలో ఉంటే 1953కూ 57కూ నడుమది. ఇలా ఒక్కొక్క గుర్తూ ఒక్కొక్క తేదీ.

అరుదైన కార్ల విషయంలో మాత్రం మరొక జాగ్రత్త అవసరం. సంపన్నుల కోసం తయారైన కార్లలో చక్రాలు, ఇంజనుతో కూడిన అడుగుభాగం ఒక సంస్థది, పైన కట్టిన శరీరం మరొకరిది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో ఉన్న నిజాం ప్రభువుల పసుపుపచ్చ కారు ఇందుకు చక్కని ఉదాహరణ. అడుగుభాగం రోల్స్‌రాయిస్ వారి 'సిల్వర్ గోస్ట్'. పైన సింహాసనం వంటి ఎత్తైన ఆసనంతో శరీరాన్ని కట్టినవారు బార్కర్ అనే సంస్థవారు. దానిని కోరి చేయించుకొన్న ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లోనే కాలధర్మం చెందగా, కారు ఆయన వారసునికి దక్కింది. ఇటువంటి బండిని శరీరం చూసి గుర్తుపట్టబోతే చిక్కులో పడతాం. దేవాలయ ముఖద్వారంలా ఉండే ఆ రేడియేటరు చూస్తే చాలు, తయారుచేసినవారెవరో తెలిసిపోతుంది.

మన వీధుల్లో మూడే పేర్లు

మన దేశంలో ఈ విద్య ఒక విధంగా సులభం, మరొక విధంగా కష్టం. 1953లో ప్రభుత్వం, దేశంలో కార్లను నిజంగా తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలు మాత్రమే ఇక్కడ ఉండాలని నిశ్చయించింది. విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముతూ వచ్చిన జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు కర్మాగారాలు మూసుకొన్నాయి. అందువల్ల 1960ల నాటి వీధి ఫొటోలో కారు కనిపిస్తే అది చాలామట్టుకు మూడింటిలో ఒకటి: కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్, బొంబాయిలో తయారైన ఫియట్, మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. ఇది సులభం.

కష్టం ఎక్కడంటే, ఈ కార్లు ఏళ్ల తరబడి ఒకే ముఖంతో తిరిగాయి. అంబాసిడర్ 1957లో పుట్టి 2014లో ఆగింది. ఆ యాభై ఏడేళ్లలో ముందున్న జాలీ మారింది, దీపాల చుట్టూ అలంకారాలు మారాయి, ఇంజను మారింది. ఆకారం మాత్రం దాదాపు అదే. 1954లో వచ్చిన తొలి ఫియట్ 1100 ముందు తలుపులకు బందులు వెనుకవైపున ఉండేవి. తలుపు తీస్తే బీరువాలా ఎదురుగా తెరుచుకొనేది. తరువాతి నమూనాలలో అవి ముందుకు మారాయి. ఎవరైనా తలుపు తెరిచి దిగుతుండగా తీసిన ఫొటో దొరికిందా, అదృష్టమే!

ఇక్కడ ప్రతి పాఠకుడూ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటున్నది. కారు "ఈ ఫొటో ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెప్పగలదు. "ఇంతకు తరువాతది కాదు" అని చెప్పలేదు. 1938 నాటి షెవ్రొలే 1960లో కూడా మన ఊళ్లలో టాక్సీగా తిరగవచ్చు. కారు పుట్టకముందు మాత్రం దాని ఫొటో తీయటం ఎవరి తరమూ కాదు.

పలక మీది అక్షరాలు

కారు తరువాత చూడవలసింది నంబరు ప్లేటు. కలకత్తాలోని నేతాజీ భవన్‌లో ఒక వాండరర్ కారును భద్రపరచారు. 1941 జనవరిలో ఒక రాత్రి, గృహనిర్బంధంలో ఉన్న సుభాస్ చంద్ర బోస్‌ను ఎక్కించుకొని ఆయన అన్నకొడుకు శిశిర్ కుమార్ బోస్ గోమో రైల్వే స్టేషన్ దాకా నడిపిన కారు అది. జర్మనీలో తయారైన ఆ బండి మన వీధులలో అరుదు. దాని నంబరు బి.ఎల్.ఎ. 7169. మొదటి రెండక్షరాలే అది బెంగాల్ బండి అని చెబుతాయి. మా బిలాస్‌పూర్ విషయానికి వస్తే, ఫొటోలోని పలక మీద సి.పి. అని ఉంటే సెంట్రల్ ప్రావిన్సెస్ నాటి బండి; ఎం.పి. అని ఉంటే మధ్యప్రదేశ్ అన్న పేరు వచ్చిన 1950 తరువాతది; సి.జి. 10 అని ఉంటే 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిమ్మటిది.

పలక వల్ల మరొక ఉపయోగమున్నది. పూర్వం నెగటివును తిరగవేసి ముద్రించటం తరచుగా జరిగేది. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. మనిషిని చూసి ఆ సంగతి పోల్చలేం. కాని అక్షరాలు తిరగబడితే చదవలేం కదా! పలక చదవగలిగితే ఫొటో సరిగానే ముద్రించినట్లు లెక్క.

ఇంటి గోడ మీది ఫొటో

ఇంత నేర్చుకొన్న తరువాత ఒకనాటి సాయంత్రం మా ఇంటి ఫొటోనే చేతిలోకి తీసుకొన్నాను.

మా పూర్వులది శ్రీకాకుళం ప్రాంతం. బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్‌ను, బిలాస్‌పూర్ మీదుగా, ఆసన్‌సోల్‌తో కలిపింది. 1902లో ఆ కంపెనీ వాల్తేరు దాకా తీరప్రాంతపు రైలు మార్గాన్ని తన అధీనంలోకి తీసుకొన్నది. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా పట్టాలు పడటంతో కొండల మీదుగా దారి ఏర్పడింది. ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు చేరాయి. బుధవారీ బజారులో తెలుగు మాట వినిపించటానికి కారణం ఇదే. మా తాతగారూ, ఆయన తమ్ముడూ అలా వచ్చినవారే. తాతగారు పోయిన తరువాత నాన్నగారిని పెంచింది ఆ చిన్నతాతగారే. ఆయన పెళ్లి చేసుకోలేదు. 1964లో, నాన్నగారి పన్నెండో ఏట, ఆయనా వెళ్లిపోయారు. ఆయన ఫొటో ఒక్కటైనా మిగలలేదని నాన్నగారు బాధపడుతుండేవారు.

ఈ ఫొటో మా నాయనమ్మ పోయిన తరువాత ఆమె ట్రంకుపెట్టెలో దొరికింది. ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని చూసి, "ఇది మీ నాన్నే. వెనుక ఉన్నది కంట్రాక్టరుగారి లాండ్‌మాస్టర్ కారు. 1954లో కొన్నాడు" అని తేల్చి చెప్పాడు. చేతిగడియారం కుడి మణికట్టుకు ఉన్నదేమని ఎవరో అడిగితే, నెగటివు తిరగబడి ఉంటుందని ఆయనే సమాధానమిచ్చాడు. దానితో ఆ చర్చ ముగిసింది.

ఫొటోను స్కానరులో పెట్టి పెద్దది చేసి చూశాను. లాండ్‌మాస్టర్, అంబాసిడర్ రెండూ హిందుస్థాన్ మోటార్స్ బండ్లే, రెండూ ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతే. దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. కాని లాండ్‌మాస్టర్ వెనుక మడ్‌గార్డులు గుండ్రంగా జారిపోతాయి. అంబాసిడర్‌కు అక్కడ చేప రెక్కలా చిన్న మొన లేచి ఉంటుంది. ఫొటోలో, దీపం పైన, ఆ మొన స్పష్టంగా కనిపించింది. అంటే ఆ ఫొటో 1957కు ముందుది కాదు. తాతగారు పోయి అప్పటికి రెండేళ్లు. డిక్కీ మీది పలకపై ఎం.పి. అన్న అక్షరాలు సూటిగా చదవటానికి వచ్చాయి. అంటే నెగటివు తిరగబడలేదు. గడియారం నిజంగా కుడిచేతికే ఉన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సత్యం తెలుసుకోవటం వేరు, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి చేతిలో నుంచి ఆయన తండ్రిని లాగివేయటం వేరు. చెప్పకుండా ఊరుకొందామనే అనుకొన్నాను. కాని పరాయివారి ఫొటోల కింద తప్పు రాయకూడదని అంతగా తాపత్రయపడి, మా ఇంటి గోడ మీది తప్పును దాచటం నాకు సాధ్యం కాలేదు.

చెప్పాను. నాన్నగారు మౌనంగా విన్నారు. మూడు రోజులు ఆ ప్రసక్తి తీసుకురాలేదు. నాలుగో రోజు ఉదయం కళ్లజోడు తుడుచుకొంటూ వచ్చి, "ఆ మొన ఏదీ, చూపించమ్మా" అన్నారు. చూపించాను. చాలాసేపు చూశారు. తరువాత ఆయన వేలు కారు మీద నుంచి మెల్లగా జరిగి, గొడుగు పట్టుకొన్న ఎడమచేతి మీద, అక్కడి నుంచి కుడి మణికట్టు మీది గడియారం మీద ఆగింది.

"మా బాబాయిది ఎడమచేతి వాటం. అన్నం తినటం తప్ప అన్ని పనులూ ఆ చేత్తోనే. గడియారం కుడిచేతికే పెట్టుకొనేవాడు. దాని చప్పుడు వింటూ ఆ చేతి మీదే నేను నిద్రపోయేవాణ్ణి" అన్నారు. కాసేపాగి మళ్లీ అన్నారు: "అయితే ఇన్నాళ్లూ బాబాయి మన ఇంట్లోనే ఉన్నాడన్నమాట."

తాతగారి సంగతి ఏమిటని నేను అడగలేకపోయాను. ఆయనే చెప్పారు. "నాన్న ఫొటో లేదు. లేకపోతే లేదు. దండ ఎవరికి వేస్తున్నానో తెలియకుండానే, వేయవలసినవాడికే వేశాను. తమ్ముడికి వేసిన దండ అన్నకు అందదా?"

ఫొటో మళ్లీ గోడ మీదికి చేరింది. ఈసారి తగిలించే ముందు నాన్నగారు దాన్ని బోర్లించి, వెనుక పెన్సిలుతో నెమ్మదిగా రాశారు: "బాబాయి. బిలాస్‌పూర్ స్టేషన్ రోడ్డు. 1957కూ 1964కూ నడుమ."

మీ ఇంట్లోనూ ఇటువంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. గుర్తుపట్టగల పెద్దవారు ఉండగానే దాని వెనుక ఒక్క వాక్యం రాసి ఉంచండి. వారు లేకపోతే, అంచున ఏ కారైనా నిలిచి ఉన్నదేమో చూడండి.