నిమ్మకాయతో కొల్లేరు లెక్క

కొల్లేరు సరస్సుకు నీళ్లొచ్చే దారులు చాలా, పోయే దారి ఒక్కటే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితోపాటు కృష్ణా గోదావరి డెల్టాల మురుగు కాలువలు అన్నీ అక్కడికే చేరతాయి. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రానికి చేర్చాలి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గుర్రపుడెక్క మాత్రం పోలేదు. దానికి మేత పైనుంచి అందుతూనే ఉంది: పొలాల్లో చల్లిన యూరియా, డీఏపీ, చెరువుల్లో వేసిన కోళ్ల ఎరువు, ఊళ్ల మురుగు.

ఈ మేతలో ముఖ్యమైన భాస్వరాన్ని ఏ కాలువ ఎంత మోసుకొస్తోంది? కాలువకో యంత్రం పెట్టే స్తోమత లేకపోయినా ఈ లెక్క కట్టవచ్చు. ప్రవాహం కొలవడానికి ఒక టేపు, గడియారం, ఒక నిమ్మకాయ చాలు. నిమ్మకాయ చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి అంతగా కొట్టుకుపోదు.

కాలువ వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 1 మీటరు అనుకుందాం. నిమ్మకాయ 20 మీటర్లు పోవడానికి 50 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 0.4 మీటర్లు. అడుగు నీరు పైనీటంత వేగంగా పోదు, అందుకని 0.85తో గుణించాలి. దాన్ని వెడల్పుతో, లోతుతో గుణిస్తే తేలేది సెకనుకు సుమారు 2,000 లీటర్లు. లీటరులో 0.2 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటే రోజుకు దాదాపు 35 కిలోలు. యాభై కిలోల డీఏపీ బస్తాలో ఉండే భాస్వరం 10 కిలోలే. అంటే రోజూ మూడున్నర బస్తాలు కాలువలో పోసినట్టే! లీటరు నీళ్లలో కంటికి ఆనని 0.2 మిల్లీగ్రాములు ఇంతపని చేస్తుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. నీటిని పరీక్షించే చవక కిట్లు కొన్ని ఫాస్ఫేటును చూపిస్తాయి, భాస్వరాన్ని కాదు. ఆ అంకెను మూడుతో భాగించకపోతే లెక్క మూడింతలవుతుంది. పైగా అవి చూపేది కరిగినదాన్నే. ఒండ్రుకు అంటుకుని వచ్చే భాస్వరం కావాలంటే, సీసాను బాగా కుదిపి, వడకట్టని నీటిని ప్రయోగశాలకు పంపాలి. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. నమూనాలు పది మాత్రమే తీయగలిగితే వాటిని ఏడాదంతా సమానంగా పంచకూడదు. ఎరువు వేశాక పడ్డ మొదటి జోరువాన, చెరువులు ఖాళీ చేసే రోజులు, వరద పొంగు, వీటికే ఎక్కువ కేటాయించాలి. ఏడాది భారంలో పెద్ద వాటా ఆ కొద్ది రోజుల్లోనే దిగుతుంది.

హెక్టారుకు ఇన్ని కిలోలని గుణకాలతో కూర్చుని లెక్కకట్టే పద్ధతీ ఉంది. కానీ ఆ గుణకాల్లో చాలావరకు చలిదేశాల గోధుమ, మొక్కజొన్న చేలలో పుట్టినవి. గట్లు కట్టి నీరు నిలిపే మన వరిమడికి, చేపల చెరువుకు అవి నేరుగా సరిపోవు. మన గుణకాలు మన కాలువల దగ్గరే పుట్టాలి.

ఉప్పుటేటిలోనూ నిమ్మకాయ వెయ్యాలి. వచ్చినదాంట్లోంచి పోయింది తీసేస్తే అడుగు బురదలోనూ, గుర్రపుడెక్కలోనూ నిలిచిపోయిన భాస్వరం తేలుతుంది. అయితే పోటు వేళ సముద్రం ఉప్పుటేటిని వెనక్కి తోస్తుంది. అందుకే అక్కడ పోటుకు ఒకసారి, పాటుకు ఒకసారి విడిగా కొలవాలి.