స్పానిషు భాషలో ఎండవానలు

రాజమహేంద్రవరమునకు సమీపమునగల కోరుకొండ ప్రాంతమున రోహిణికార్తె వెళ్లి మృగశిర ప్రవేశింపగానే రైతులు ఆకాశమువంక చూచుచుందురు. "మబ్బు పట్టినది", "గాలి తిరిగినది" అను వారి మాటలలో నిప్పుడు దూరదేశపు మాట యొకటి చేరినది. అదియే ఎల్ నినో.

అది స్పానిషు పదము. దక్షిణ అమెరికాలోని పెరూదేశపు జాలరులు, కొన్ని యేండ్లు క్రిస్మసు దినములలో తమ తీరమున సముద్రజలము వేడెక్కుటయు, చేపలు తగ్గుటయు గమనించి, ఆ వెచ్చని ప్రవాహమునకు "బాలుడు" అని పేరిడిరి. బాలుడనగా బాలయేసు. దీనిని "నీఞో" అని పలుకవలెను. ఓనమాలు దిద్దిననాడు తప్ప ఒంటరిగా నెవరికిని కంటబడని మన ఞకారము ఇచ్చట చక్కగా నుపయోగపడును! దీనికి విపరీతముగా సముద్రము చల్లబడినచో "లా నీఞా", అనగా బాలిక. పుంలింగమున "ఎల్", స్త్రీలింగమున "లా" నామమునకు ముందు చేరును; తుది ఓకారము ఆకారమగును.

ఆ భాషవారు "నేడు వాతావరణ మెట్లున్నది?" అనుటకు "కే తియెంపో ఆసే?" అందురు. "తియెంపో" అనగా కాలము, వాతావరణము కూడ. మన రైతులును "ఈ యేడు కాలము బాగుగా లేదు" అన్నప్పుడు వానలనే ఉద్దేశింతురు గదా! అందలి తకారము మన తకారమే. ఇంగ్లీషువారివలె టకారముగా పలుకరాదు. "ఆసే" యను క్రియకు వ్రాతలో ముందు హకారముండును గాని పలుకబడదు. స్పెయిను దేశమున చాలచోట్ల దానినే "ఆథే" అందురు.

"ఆసే" అనగా "చేయుచున్నది" అని యర్థము. "ఆసే కలోర్", వేడి చేయుచున్నది. "ఆసే ఫ్రీయో", చలి చేయుచున్నది. చేయువారెవరో చెప్పరు, వాక్యమునకు కర్తయే లేదు. వాన కురియుచున్నదనుటకు "య్వేవే" అను క్రియ యొక్కటియే చాలును. తెలుగున నట్లు కాదు. ఎండ కాయును, చలి వేయును, గాలి వీచును, ఉక్క పోయును. ఒక్కొక్కదానికి వేరువేరు క్రియ కావలెను. తెలుగు నేర్చు స్పానిషువాని పాట్లు ఊహింపదగినవి. "నాకు చలి వేయుచున్నది" అని మనమన్నచోట వారు "తెంగో ఫ్రీయో", అనగా "చలిని కలిగియున్నాను" అందురు. మనకు చలి వచ్చి తగులును; వారు దానిని సొంతము చేసికొందురు.

నీఞో వచ్చిన సంవత్సరములలో మన నైరృతిఋతుపవనములు తరచుగా బలహీనపడును. 2002లో దేశమున అనావృష్టి కలిగినది. 2023 ఆగస్టు, 1901 మొదలుకొని లెక్కింపబడిన ఆగస్టు లన్నిటిలో తక్కువ వాన కురిసిన నెల. అయినను 1997లో నీఞో మిక్కిలి ప్రబలముగా నున్నను, దేశమున సామాన్యవర్షమే కురిసినది. అందుచే భారత వాతావరణశాఖవారు ఏటేట ఏప్రిలులో వానలనుగూర్చి సూచన లిచ్చునపుడు పసిఫిక్ సముద్రపు వేడిమితోబాటు హిందూమహాసముద్రపు వేడిమిని కూడ చూచుచున్నారు.