యంత్రానికి ఆలోచన నేర్పిన అర్థశాస్త్రవేత్త

మీరు కలం కొనడానికి అంగడికి వెళ్ళారనుకోండి. ఊళ్ళోని అంగళ్ళన్నీ తిరిగి, ప్రతి కలంతోనూ రాసి చూసి, ధరలన్నీ పోల్చి, అన్నిటికన్నా మేలైనదే కొంటారా? కొనరు కదా! నాలుగైదు చూస్తారు. చేతిలో ఉన్న డబ్బుకు తగినది, బాగా రాసేది కనబడగానే కొనేస్తారు.

కాని అర్థశాస్త్ర గ్రంథాలలోని మనిషి ఇలా ఉండేవాడు కాదు. అతనికి అన్ని ధరలూ తెలుసు. క్షణంలో లెక్క కట్టి అత్యుత్తమమైనదే ఎన్నుకుంటాడు! అటువంటి మనిషి నిజంగా ఉన్నాడా? ఈ ప్రశ్నను పట్టుకుని వదలనివాడు హెర్బర్ట్ సైమన్.

సైమన్ 1916లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో పుట్టాడు. షికాగో విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివి 1943లో డాక్టరేటు పొందాడు. కార్యాలయాలలో నిర్ణయాలు ఎలా జరుగుతాయో పరిశీలించి 1947లో ఒక గ్రంథం రాశాడు. మనిషికి తెలిసింది కొంతే, వ్యవధి కొంతే, లెక్కించే శక్తీ కొంతే. అందుచేత తన అవసరానికి సరిపోయేది దొరకగానే అతడు వెతకడం ఆపేస్తాడు. ఈ భావానికే ‘పరిమిత హేతుబద్ధత’ అని పేరు.

మరి, మనిషి వెతికే పద్ధతిని మెట్టు మెట్టుగా రాసి ఇస్తే యంత్రం కూడా అలా వెతకగలదా? 1949లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సంస్థలో చేరిన సైమన్, తరువాత ఎలెన్ న్యూయెల్, క్లిఫ్ షాలతో కలిసి తర్కశాస్త్ర సిద్ధాంతాలను రుజువు చేసే ప్రోగ్రాం తయారుచేశాడు. అది కంప్యూటరుపై నడవడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. సైమన్ ఏం చేశాడో తెలుసా? 1956 జనవరిలో భార్యనూ, పిల్లలనూ, విద్యార్థులనూ కూర్చోబెట్టి తలా ఒక కార్డు ఇచ్చాడు. ఒక్కొక్క కార్డుపై ప్రోగ్రాంలోని ఒక్కొక్క భాగం ఉంది. ఎవరి కార్డులోని పని వారు చేశారు. అంటే మనుషులే కంప్యూటర్ అయ్యారన్నమాట!

రస్సెల్, వైట్‌హెడ్ రాసిన ‘ప్రిన్సిపియా మాథమాటికా’ గ్రంథంలోని ఒక అధ్యాయం నుంచి 52 సిద్ధాంతాలు ఇస్తే, ఆ ప్రోగ్రాం 38 రుజువు చేసింది. అన్ని దారులూ తొక్కితే దానికి యుగాలు పట్టేది. కనుక రుజువు కావలసిన చోటు నుంచి వెనక్కు నడుస్తూ, పోలిక కనబడిన దారులనే పట్టింది. కలం కొనే మీలాగే!

పదేళ్ళలో కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత అవుతుందని 1958లో సైమన్, న్యూయెల్ జోస్యం చెప్పారు. అది ఫలించలేదు. 1997లో గాని ‘డీప్ బ్లూ’ అనే కంప్యూటర్ ఆనాటి విజేత కాస్పరోవ్‌ను ఓడించలేకపోయింది. అదీ మనిషిలా కొద్ది ఎత్తులే ఆలోచించి కాదు, సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులు పరిశీలించి!

సైమన్‌కు 1975లో న్యూయెల్‌తో కలిపి కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ బహుమతి, 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించాయి. 2001లో ఆయన మరణించాడు.

ఈసారి మీరు ఏదైనా కొనేటప్పుడు ఒక పని చేయండి. ఎన్ని చూశారో, ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో కాగితంపై రాయండి. ఆ మెట్లను చూసి మీ మిత్రుడు కూడా అదే వస్తువు ఎన్నుకోగలిగితే, మీరు ఒక చిన్న ప్రోగ్రాం రాసినట్లే!