బాగుచేసిన కంప్యూటర్ మళ్ళీ గుమ్మం ఎక్కితే...

కుట్టుమిషను, అప్పడాలు, బ్యూటీ పార్లరు... ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునే ఆడవాళ్ళ పనుల్లో కంప్యూటర్ రిపేరు కూడా చేరింది. పని నేర్చుకుని, ముందు గదిలో ఓ బల్ల వేసుకుని, కాలనీవాళ్ళ లాప్‌టాప్‌లు బాగుచేసే అమ్మాయి మీ వీధిలోనూ ఉండవచ్చు. ఆ అమ్మాయి మీరే కావచ్చు!

స్క్రూడ్రైవర్ పట్టడం నేర్చుకుంటే వస్తుంది. అసలు చిక్కంతా డబ్బు తీసుకుని పంపేశాకే. వారం తిరక్కుండా ఎదురింటి పిన్నిగారు లాప్‌టాప్ పట్టుకుని వచ్చేస్తారు. "నువ్వు ముట్టుకున్నాకే నెట్ రావడం మానేసిందమ్మాయ్!" అంటారు. మీరు మార్చింది కీబోర్డు. దానికీ నెట్‌కీ సంబంధం ఏమిటి అని మీకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట మొహానే అనేస్తే రేపట్నుంచి పలకరింపులుండవు. నోరు మూసుకుని చేసిపెడితే మీ సాయంత్రం గంగపాలు. మరేం చేయాలి?

ముందు చూడండి, తర్వాతే మాట

"నాకు సంబంధం లేదు" అని చూడకుండా మాత్రం అనకండి. చాలా మోడళ్ళలో కీబోర్డు మార్చాలంటే లోపలి భాగాలు దాదాపు అన్నీ విప్పాలి. అప్పుడు వైఫై కార్డుకుండే సన్నటి యాంటెన్నా తీగ సరిగా కూర్చోకపోతే నెట్ బలహీనపడుతుంది. అందుకని మీ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, ఫోనును పక్క గదిలో ఉంచి, ఆవిడ ఎదుటే కలిపి చూడండి. చక్కగా వచ్చిందా? అయితే వాళ్ళింటి రౌటరునో, కనెక్షన్‌నో అనుమానించాలి. రాలేదా? విప్పి చూడండి. తీగ వదులైతే "ఇది నా పనిలో లోపమేనండీ" అని పైసా తీసుకోకుండా సరిచేయండి. ఆ ఒక్క మాటతో మీ మీద నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

పాత జబ్బా, కొత్త జబ్బా?

చేసిన పనికి ఇన్ని రోజుల పూచీ అని ముందే చెప్పండి. ఆ రోజుల్లో అదే లోపం తిరిగి వస్తే ఉచితం. వేరే లోపమైతే కొత్త లెక్క. "చూడ్డానికి ఏమీ తీసుకోను పిన్నిగారూ. ఇది మాత్రం వేరే పని, ఇంత అవుతుంది. చేయమంటారా?" అని మెత్తగా అడిగి ఊరుకోండి. సంజాయిషీలు చెప్పుకుంటూ పోతే బేరం మొదలవుతుంది. "కూతురులాంటిదానివి, నీకూ డబ్బేనా?" అంటే నవ్వి, "కూతురికైతే ముందే ఇస్తారు కదండీ!" అనండి. ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన పని పని కాకుండా పోదు.

"ఫొటోలు ఏవమ్మా?"

అన్నిటికన్నా గుండె జారే ప్రశ్న ఇదే. ఫార్మాట్ చేశాక, అందులో పెళ్ళి ఫొటోలు ఉన్నాయనో, పోయిన నాన్నగారి వీడియో ఉందనో చెబుతారు. అప్పుడు చేయాల్సిన మొదటి పని, ఆ కంప్యూటర్‌ను వెంటనే ఆపేయడం. పాత రకం హార్డ్ డిస్క్ అయితే దాని మీద కొత్తవి రాయకపోతే తిరిగి దొరికే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీ అయితే ఆశ చాలా తక్కువ. "తప్పకుండా తెస్తాను" అని మాట ఇవ్వకండి. అందుకే ఫార్మాట్‌కి ముందే "డెస్క్‌టాప్ మీదున్నవీ, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవీ, ఫొటోలూ కాపీ చేసుకున్నారా?" అని విడివిడిగా అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

కాదనాల్సిన చోట కాదనండి

కొన్ని కోరికలకు మొహమాటం పనికిరాదు. డబ్బు కట్టని దొంగ సాఫ్ట్‌వేర్ వేసిపెట్టమంటే, అది కాపీరైట్ చట్టం ప్రకారం నేరమని చెప్పండి. "విండోస్ 11 ఊరికే వేసిపెట్టు" అనేవాళ్ళూ ఉంటారు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది నిజమే. కానీ 11కి టీపీఎం 2.0, దానికి తగ్గ ప్రాసెసర్ ఉండాలి. పాత యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. ఇక బ్యాటరీ ఉబ్బి ఉంటే, "ఈ నెలకి సర్దుకుంటాంలే" అన్నా సరే, బిగించి పంపకండి. అది అంటుకునే ప్రమాదం ఉంది. రాత్రి పదింటికి వచ్చే ఫోన్లకు "ఉదయం పదింటికి చూస్తానండీ" అనే మాట చాలు.

చీటీయే మీ రక్ష

నిజానికి ఈ గొడవల్లో సగం, లాప్‌టాప్ చేతికి తీసుకున్న రోజునే ఆపేయవచ్చు. ఒక కార్బన్ కాపీ పుస్తకం కొనుక్కోండి. తేదీ, మోడల్, సీరియల్ నంబర్, వాళ్ళు చెప్పిన లోపం వాళ్ళ మాటల్లోనే రాయండి. గీతలు, పగుళ్ళు, ఛార్జర్ ఇచ్చారా లేదా, ఇవీ రాయండి. వాళ్ళ ముందే ఆన్ చేసి నెట్, సౌండ్, కెమెరా, కీలు పరీక్షించి, పనిచేయనివాటిని గుర్తుపెట్టండి. ఇచ్చేటప్పుడు మళ్ళీ అవన్నీ చూపించి సంతకం తీసుకోండి. అప్పుడు "నువ్వు ముట్టుకున్నాకే" అన్న మాటకు జవాబు చీటీయే చెబుతుంది.

బిల్లు కూడా ఇవ్వండి. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపముంటే కస్టమర్ జిల్లా కమిషన్‌కి వెళ్ళవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదూ చెప్పవచ్చు. ఇది విని బెదిరిపోకండి. రిపేరు చేయించుకునే పాఠకురాలికి ఆ బిల్లు ఎంత అండో, చేసే మీకూ అంతే అండ.

ఓర్పుగా వినడం, ఎదుటే చూపించడం, కాగితం మీద పెట్టడం. ఈ మూడూ అలవాటైతే, ఫిర్యాదుతో వచ్చిన పిన్నిగారే రేపు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వస్తారు. ప్రయత్నించి చూడండి!