స్టీల్ గట్టిగా ఉంటే సరిపోదు.. రెండోసారి కొలిమిలో పెట్టారా అని అడగండి

జీడిమెట్లలో మా మామూకి చిన్న మెషిన్ షాపు ఉంది. పోయినేడు ఒక వాల్వుల కంపెనీకి బొటనవేలంత లివర్లు సప్లై చేశాడు. చూడ్డానికి తళతళలాడుతున్నాయి, గట్టిగానే ఉన్నాయి. రెండు నెలలు తిరక్కముందే కొన్ని పగిలి వెనక్కొచ్చాయి. "స్టీల్ నకిలీదేమో బేటా" అన్నాడు. స్టీల్ అసలుదే. ఒక పని మాత్రం మిగిలిపోయింది. అదేంటో తెలిస్తే, చిన్న వర్క్‌షాపులు నడిపే మనవాళ్లకు ఇలాంటి నష్టం తప్పుతుంది.

ఆ లివర్లు ఇన్వెస్ట్‌మెంట్ క్యాస్టింగ్‌లో చేసినవి. ముందు మైనంతో నమూనా చేస్తారు. దానిపై సిరామిక్ పూత పొరలు పొరలుగా వేసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా కళాకారులదీ ఇదే సూత్రం. చిన్న, మెలికల పీసులకు ఈ పద్ధతి బాగా కలిసొస్తుంది, చెక్కే పని తగ్గుతుంది.

రాగిలో ఉంది కిటుకు

ఆ స్టీల్ పేరు 17-4 పీహెచ్. ఇందులో సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, దాదాపు అంతే రాగి ఉంటాయి. పోత పోశాక 1040 డిగ్రీల దగ్గర వేడి చేసి, గది వేడికి పూర్తిగా చల్లారుస్తారు. అప్పుడు రాగి లోపలే కరిగిపోయి ఉంటుంది. స్టీల్ గట్టిగానే అనిపిస్తుంది కానీ పెళుసు, పగుళ్లకు లొంగుతుంది.

ఇక్కడ ఆపకూడదు. మళ్లీ 480 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. దీన్నే ఏజింగ్ అంటారు. రాగి కంటికి కనిపించని రేణువులుగా బయటపడి, లోహం పొరలు జారకుండా అడ్డుకుంటుంది. అప్పుడు పోత పీసు సుమారు 1000 మెగాపాస్కల్స్ దాకా వంగకుండా తట్టుకుంటుంది. 304 రకం పోత స్టీల్‌కు కనీస లెక్క 205 మాత్రమే.

ఈ వేడికి పీసు పెద్దగా వంకరపోదు. 25 మిల్లీమీటర్ల పీసు ఒక మిల్లీమీటరులో వందో వంతు మేర కుంచించుకుంటుంది, అంతే. అందుకే చాలామంది ముందే మెషినింగ్ చేసి, తర్వాత ఏజింగ్ చేయిస్తారు.

తప్పెవరిది?

ఫౌండ్రీవాళ్లు మెషినింగ్ కోసమని మొదటి దశలోనే పీసులు పంపారు. మామూ మెషినింగ్ చేసి కంపెనీకి పంపేశాడు. ఆర్డర్‌లో '17-4 పీహెచ్' అనే ఉంది, ఏ కండిషన్ అని ఎవరూ రాయలేదు.

రాయాల్సింది హెచ్900 లాంటి కోడ్. ఆ అంకె ఏజింగ్ వేడి, ఫారన్‌హీట్‌లో. హెచ్900 బలం ఎక్కువ, కానీ దెబ్బలు తగిలేచోట, ఉప్పునీళ్లున్నచోట పగుళ్ల భయం ఉంటుంది. అక్కడ హెచ్1150 మేలు. బలం కొంత తగ్గుతుంది, ఓర్పు పెరుగుతుంది.

నేను కామర్స్ చదివినోణ్ని, ఖర్చు లెక్కే ముందు చూస్తాను. చిన్న పీసులు ఒకే లోడ్‌లో వందల కొద్దీ పడతాయి, ఒక్కోదానిపై పడే ఏజింగ్ ఖర్చు తక్కువే. వెనక్కొచ్చిన సరుకుతో పోయే డబ్బు, పోయే పేరు మాత్రం తక్కువ కాదు. ఇప్పుడు మామూ ప్రతి ఆర్డర్‌లో కండిషన్ రాయిస్తున్నాడు, హార్డ్‌నెస్ రిపోర్టు చూడకుండా డబ్బాకు టేపు వెయ్యనివ్వడు.