ఒక్క అక్షరానికి తొమ్మిది చిప్పులు

1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను అమెరికాలో విడుదల చేసింది. మూత తీస్తే మదర్‌బోర్డు మీద మెమరీ చిప్పులు నాలుగు వరుసల్లో ఉంటాయి, వరుసకు తొమ్మిది. ముప్పై ఆరూ నింపితే 64 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు.

మనం టైపు చేసిన ‘ఎ’ వీటిలో ఎక్కడుంటుంది? ఏ ఒక్క చిప్పులోనూ ఉండదు. ఒక్కో చిప్పులో 16,384 బిట్లున్నా, అడిగినప్పుడు బయటికి ఇచ్చేది ఒక్క బిట్టే. అందుకని ఒకే అడ్రసు వరుసలోని చిప్పులన్నిటికీ ఒకేసారి వెళ్తుంది. ఎనిమిది చిప్పులు తలా ఒక బిట్ తెస్తే బైటు తయారవుతుంది. తొమ్మిదోది కాపలాకి: వాటిలో ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నాయా, బేసిలోనా అన్నదే అది గుర్తుపెట్టుకుంటుంది. చదివినప్పుడు లెక్క తేడా వస్తే తెర మీద ‘పారిటీ చెక్’ అని చూపి మిషను ఆగిపోతుంది. జమాఖర్చులు రాసుకునేవాళ్లకి అమ్మే మిషనుకి ఆ మాత్రం పట్టుదల ఉండాల్సిందే.

ఈ 64 కిలోబైట్లలో ఏ బైటునైనా పిలవడానికి 16 బిట్ల అడ్రసు చాలు. పై రెండు బిట్లు నాలుగు వరుసల్లో ఒకదాన్ని ఎంచుతాయి. మిగతా 14 చిప్పులోకి వెళ్లాలి. చిక్కంతా అక్కడే. చిప్పుకున్నవే 16 కాళ్లు. కరెంటుకే నాలుగు పోతాయి, రాసే బిట్టుకొకటి, చదివే బిట్టుకొకటి. టెక్సస్‌లోని మోస్టెక్ కంపెనీ 1973లో తన 4 కిలోబిట్ల చిప్పుతోనే దీనికి దారి చూపింది. వీధి పేరు ముందు, డోర్ నంబరు తర్వాత చెప్పినట్టు, అడ్రసుని రెండు ముక్కలుగా అవే కాళ్ల మీదుగా పంపడమే ఆ ఉపాయం. ఐబీఎం వాడిన చిప్పులో ముందు 7 బిట్లు అడ్డువరుసని, తర్వాతి 7 నిలువువరుసని చెబుతాయి.

దీనివల్ల ఇంకో పనీ జరిగింది. ఐబీఎంలోనే పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1966లో ఊహించిన పద్ధతిలో, బిట్ అంటే ఒక ట్రాన్సిస్టర్ కాపలాలో చిన్న కెపాసిటర్‌లో ఉన్న చార్జి. అది కారిపోతూ ఉంటుంది. 2 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపకపోతే బిట్ పోయినట్టే. అడ్డువరుస నంబరు ఒక్కటి పంపితే చాలు, అందులోని 128 బిట్లూ ఒక్కసారే నిండుతాయి. 128 నంబర్లు తిప్పితే చిప్పు మొత్తం తాజా.

మెమరీ పాడైనప్పుడు తెర మీద ‘0810 201’ లాంటి సంఖ్య వచ్చేది. 201 అంటే మెమరీ తప్పు, 08 అంటే మూడో వరుస, 10 అంటే అయిదో బిట్. మెకానిక్ ఆ ఒక్క చిప్పునీ సాకెట్లోంచి లాగి కొత్తది నొక్కేవాడు. మొదటి వరుసలోదైతే మాత్రం సాల్డరింగ్ ఐరన్ వేడి చేసుకోవాల్సిందే. ఆ తొమ్మిదింటినీ ఐబీఎం బోర్డుకే అతికించేసింది.