ప్రశ్నలు ఇచ్చిపుచ్చుకుందాం

నలుగురు మిత్రులు ఒకచోట చేరినప్పుడు మాటలకు కొదవ ఉండదు. కాని ఆ మాటలు ఎటు మళ్లుతాయన్నదే అసలు ప్రశ్న. కుశల ప్రశ్నలు ముగిసిన కాసేపటికే సంభాషణ అక్కడ లేని వ్యక్తి మీదికి మళ్లడం మనకు కొత్త కాదు. పరోక్ష నిందను దివ్యఖుర్ఆన్ మృత సోదరుని మాంసం తినడంతో పోల్చింది. అది పాపమని తెలిసీ మనం అందులో పడిపోతున్నామంటే, మాట్లాడుకోవడానికి మరో మంచి విషయం చేతిలో లేకపోవడమూ ఒక కారణమే.

అలాంటి సమయాల్లో చేతికందే చక్కని వినోదం ప్రశ్నలు ఇచ్చిపుచ్చుకోవడం. ఒకరు అడుగుతారు, తక్కినవారు ఆలోచిస్తారు, జవాబు చెప్పినవారికి అడిగే వంతు వస్తుంది. ఇందుకు ఖర్చు లేదు, పరికరాలు అక్కర్లేదు. తెలుగు ఇళ్లలో పొడుపుకథలు, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పహేలీలు తరతరాలుగా చేసిన పని ఇదే. చిన్నాపెద్దా అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి, నవ్విస్తూనే బుద్ధికి పదును పెట్టడం.

ఖర్జూర చెట్టు ప్రశ్న

ఈ పద్ధతికి దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనే అందమైన ఉదాహరణ ఉంది. ఒకసారి ఆయన తన సహచరుల మధ్య కూర్చుని ఒక ప్రశ్న అడిగారు. ఆకులు రాలని చెట్టు ఒకటుందని, అది ముస్లింను పోలి ఉంటుందని చెప్పి, ఆ చెట్టు ఏదో చెప్పమన్నారు. అందరి ఆలోచనలూ ఎడారి చెట్ల వైపు పరుగెత్తాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు మాత్రం అది ఖర్జూర చెట్టని తోచింది. కాని అక్కడున్న వారిలో ఆయనే అందరికన్నా చిన్నవారు. పెద్దలు మౌనంగా ఉండగా తాను నోరు విప్పడానికి బిడియపడ్డారు. చివరికి సహచరులు మీరే చెప్పండని కోరగా, అది ఖర్జూర చెట్టని ప్రవక్త (స) తెలిపారు. తర్వాత కుమారుడు ఈ సంగతి చెప్పినప్పుడు, నువ్వు ఆ జవాబు చెప్పి ఉంటే అది నాకు ఎంతో సంపద కన్నా ప్రియమై ఉండేదని తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు.

ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును జ్ఞానానికి సంబంధించిన అధ్యాయంలో పొందుపరిచారు. సహచరుల జ్ఞానాన్ని పరీక్షించడానికి నాయకుడు ప్రశ్న వేయడం అన్న శీర్షిక కింద దాన్ని ఉంచారు. ఈ చిన్న సంఘటనలో గమనించదగినవి ఎన్నో ఉన్నాయి. ప్రశ్నతోపాటే ఒక సూచన ఇవ్వబడింది. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరికింది. జవాబు రాకపోతే ఎవరినీ చిన్నబుచ్చడం జరగలేదు. అన్నిటినీ మించి, జవాబు తెలిసిన తర్వాత కూడా ఆలోచన ఆగిపోదు. ముస్లింకూ ఖర్జూర చెట్టుకూ పోలిక ఏమిటన్న మరో ప్రశ్న మనసులో మొలకెత్తుతుంది. దాని పండు మొదలుకొని పీచు వరకు ప్రతిదీ మనిషికి ఉపయోగపడేదేనని తోచినప్పుడు, ముస్లిం ఎలా బ్రతకాలో ఆ చెట్టే చెబుతుంది.

చిన్నవారి గొంతు

తన కుమారుని బిడియం చూసి చింతించిన ఆ తండ్రే, ఖలీఫా అయిన తర్వాత మరో యువకుని బిడియాన్ని పోగొట్టారు. ఒకనాడు ఆయన బఖరా సూరాలోని ఒక ఆయత్ గురించి సహచరులను అడిగారు. చెట్లు, సెలయేళ్లు గల తోట ఒక వృద్ధుని కళ్లెదుట కాలిపోయే ఉపమానం అది. అల్లాహ్‌కే తెలుసునని వారు బదులు పలికారు. ఆ జవాబు హజ్రత్ ఉమర్ (రజి)కు నచ్చలేదు. తెలిస్తే తెలుసని, తెలియకపోతే తెలియదని చెప్పమన్నారు. అప్పుడు వయసులో చిన్నవారైన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన మనసులో ఒక మాట ఉందన్నారు. ఖలీఫా ఆయనను వాత్సల్యంతో సోదరుని కుమారుడా అని పిలిచి, తనను తాను తక్కువ చేసుకోకుండా చెప్పమని ప్రోత్సహించారు.

మన ఇళ్లలో ఈ ప్రోత్సాహం ఎంతమంది పిల్లలకు దొరుకుతోంది? చదువులో వెనుకబడిన పిల్లవాడు, నలుగురిలో మాట్లాడటానికి జంకే ఆడపిల్ల, బడి ముఖం చూడని అమ్మమ్మ, వీరంతా ప్రశ్నల ఆటలో కేవలం శ్రోతలుగా మిగిలిపోకూడదు. అమ్మమ్మకు దేశాల రాజధానులు తెలియకపోవచ్చు. కాని ఏ చెట్టు బెరడు దేనికి మందో, ఏ నెల వానకు ఏ విత్తనం వేస్తారో ఆమెను అడగండి. డిగ్రీలు చదివిన మనుమలు నోరు తెరుచుకుని వింటారు.

తలుపులు తెరిచే ప్రశ్నలు

ప్రశ్నలన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటి జవాబుతో విషయం ముగిసిపోతుంది. మరికొన్నింటి జవాబు కొత్త తలుపు తెరుస్తుంది. చార్మినార్ ఏ సంవత్సరంలో కట్టారంటే 1591లో అని చాలామంది చెబుతారు. అది హిజ్రీ శకం ప్రకారం ఏ సంవత్సరం అని అడిగి చూడండి. హిజ్రీ వేయి సంవత్సరాలు నిండే వేళ ఆ కట్టడం లేచిందని తెలిసినప్పుడు, తెలిసిన చార్మినారే కొత్తగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌కు ఉస్మాన్ సాగర్ ఎందుకు అవసరమైంది? జవాబు 1908 నాటి మూసీ వరదల దగ్గరికి తీసుకెళుతుంది. ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కుమార్తెనూ పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ గుర్తుకొస్తారు. ఎందరికో ఆశ్రయమిచ్చి ప్రాణాలు నిలిపిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందన్న సంగతి తెలుస్తుంది. వరదల నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ఇచ్చారన్న విషయమూ అందులో భాగమే. ఒక్క ప్రశ్నలో చరిత్ర, సాహిత్యం, ఇంజనీరింగు కలిసి వస్తాయి.

పిల్లలు లెక్కల పుస్తకంలో చూసే ఆల్జీబ్రా అన్న పేరు ఎక్కడిది? తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని అల్ జబ్ర్ అన్న పదం నుంచి వచ్చింది. కంప్యూటర్ చదివేవారు నిత్యం పలికే అల్గారిథమ్ ఆయన పేరు నుంచే పుట్టింది.

బిస్మిల్లాహ్ వాక్యం దివ్యఖుర్ఆన్‌లో ఎన్నిసార్లు వస్తుంది? మొత్తం సూరాలు 114. తౌబా సూరా ఆరంభంలో అది లేదు గనుక 113 అని తొందరపడతాం. కాని నమ్ల్ సూరా మధ్యలో, హజ్రత్ సులైమాన్ (అలై) సబా రాణికి పంపిన లేఖలో అది మళ్లీ వస్తుంది. లెక్క 114కు సరిపోతుంది. ఆ లేఖలో ఇంకా ఏముందని పిల్లలు అడిగితే, ఖుర్ఆన్ అనువాదం చేతికి తీసుకోవలసిన ఘడియ అదే.

తేల్చుకున్నాకే అడగాలి

వినోదం కోసం అడిగే ప్రశ్న అయినా జవాబు నిజమై ఉండాలి. మన దేశ జాతీయ క్రీడ హాకీ అని తరాలుగా చెప్పుకుంటున్నాం. ప్రభుత్వం ఏ క్రీడనూ అలా అధికారికంగా ప్రకటించలేదు. చైనా గోడ చంద్రుని మీది నుంచి కనిపిస్తుందన్నదీ ఇలాంటి అపోహే.

ధార్మిక విషయాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. జ్ఞానార్జనకు చైనా వరకైనా వెళ్లమని హదీసు ఉందని ఎన్నో వేదికల మీద వింటుంటాం. హదీసు విద్వాంసులు దాని పరంపరను బలహీనమైనదిగా తేల్చారు, కొందరు కల్పితమనీ అన్నారు. జ్ఞానాన్వేషణ గొప్పదనం చాటే ప్రామాణిక హదీసులు వేరే ఉండగా ఇది మనకెందుకు? ప్రవక్త (స) చెప్పని మాటను తెలిసీ ఆయనకు అంటగట్టడం నరకానికి దారి తీసే పాపం. ఫోన్‌లో వచ్చిన ప్రతి ప్రశ్నోత్తరాన్నీ పదిమందికి పంపే ముందు ఈ మాట తలచుకోవాలి.

జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పడంలో చిన్నతనం లేదు. ఇమామ్ మాలిక్ (రహ్మ)ను ఒకసారి 48 ప్రశ్నలు అడగగా, వాటిలో 32 ప్రశ్నలకు తనకు తెలియదని బదులిచ్చారని ఆయన జీవిత విశేషాల్లో చెబుతారు. హజ్రత్ జిబ్రీల్ (అలై) మానవ రూపంలో వచ్చి ప్రళయ ఘడియ ఎప్పుడని అడిగినప్పుడు, అడిగినవారి కన్నా తనకు ఎక్కువ తెలియదని సాక్షాత్తూ దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

ఆటకు హద్దులు

ఎదుటివారిని ఇరుకున పెట్టడానికే వేసే మెలిక ప్రశ్నలు మంచివి కావు. జవాబు చెప్పలేని వారిని ఎగతాళి చేయడం, మారుపేర్లతో పిలవడం హుజురాత్ సూరా స్పష్టంగా వారించిన పని. ఒక మిత్రుని మనసు నొప్పించి గెలిచిన గెలుపు గెలుపే కాదు.

పందెం విషయంలోనూ మెలకువ కావాలి. ఆడేవారంతా తలా కొంత సొమ్ము వేసి, గెలిచినవారు తీసుకుపోవడం జూదమవుతుంది. రుసుము కట్టించుకుని కొందరికే బహుమతి ఇచ్చే ఫోన్ ఆటలకూ దూరంగా ఉండాలి. తండ్రో, మేనమామో తన సంతోషం కొద్దీ గెలిచిన పిల్లలకు ఒక పుస్తకం, గుప్పెడు ఖర్జూరాలు ఇస్తే అది బహుమానమే. అజాన్ వినిపించగానే ఆట ఆపి లేవడం అందరూ పాటించవలసిన నియమం.

వారానికి ఒక్క సాయంత్రం చాలు. కుటుంబంలో ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలు సిద్ధం చేసుకోవాలి. ఒకటి ధర్మానికి, ఒకటి లోకజ్ఞానానికి, ఒకటి తమ అనుభవానికి సంబంధించింది. తేలని జవాబులను ఒక నోటు పుస్తకంలో రాసి, మరుసటి వారానికల్లా పుస్తకాల్లో వెతికో, పండితులను అడిగో తెలుసుకోవాలి. తన జ్ఞానాన్ని పెంచమని ప్రభువును వేడుకోవలసిందిగా అల్లాహ్ తన ప్రవక్త (స)కే నేర్పాడు. ఆ వేడుకోలుతో ఆటను ఆరంభిద్దాం. మన కూటములను మేలైన మాటలతో నింపే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.